సేవకునికి గూడెక్కడ?

(ఒక పఠనమందిర వార్షికసభలో మేము చదివిన ప్రసంగపాఠము)



మన పఠనమందిరపు మేడమీద రెండు గదులు గలవు. ఒకప్పుడవి పాతపత్రికల కట్టలతో నిండియుండెడివి. ఆ కట్టలు క్రింది బీరువాలలోనికి దిగినపిదప గదులు ఖాళీపడినవి. వానిని సరుకు నిలువచేసికొనుటకు అద్దెకిమ్మని ఎదుటి బజారులోని వర్తకు డొకరు అడిగిరి. మంచి అద్దెయే యిత్తుమనిరి. మన కార్యవర్గములో కొందరు మాత్రము ఆ గదులను రాత్రిబడి నడుపువారికి నివాసముగా నీయవలెనని పట్టుపట్టిరి. వాదము రెండు సమావేశములందును తెగలేదు. పత్రికవారు గదా, మీరు నాలుగుమాటలు చెప్పుడని మమ్ము పిలిచిరి. పత్రికవారనగా తటస్థులని వారనుకొనియుందురు. మేము తటస్థులము కాము. ఆ సంగతి ముందుగనే విన్నవించి మొదలుపెట్టుచున్నాము.

ఈ వివాదమునకు మూలమైన కథ మీలో చాలమంది యెరిగినదే. మూడేండ్ల క్రిందట పొరుగుజిల్లానుండి యొక యువకుడు మన యూరికి వచ్చెను. పట్టభద్రుడు. రాత్రివేళ ఆటోలు నడుపువారి పిల్లలకును, పాచిపనులకు పోవు స్త్రీలకును చదువు చెప్పెడివాడు. పగటివేళ వృద్ధులను ఆసుపత్రికి తోడ్కొనిపోవుట, పింఛను కాగితములు నింపుట, రేషనుకార్డులకై కచేరీలచుట్టు తిరుగుట అతని పనులు. చందాలనుండి మనమిచ్చెడి భత్యము అతని భోజనమునకు సరిపోయెడిది. అద్దెకు చాలెడిది కాదు. మొదటి యింటివారు ఒంటరివానికి గది యీయమనిరి. రెండవ యింటివారు కులమడిగిరి. మూడవ యింటివారు మంచివారే గాని, ఏడాది తిరుగకముందే అద్దె పెంచిరి. తుదకు ఊరికి దూరముగా నొక పల్లెలో గది దొరికెను. బడి విడుచునది రాత్రి 9 గంటలకు. ఆ పల్లెకు కడపటి బస్సు పోవునది 8 గంటలకు. కావున కొన్ని మాసములు ఈ మందిరపు వరండాలోనే వార్తాపత్రికలు పరచుకొని పరుండెనట! ఆ పత్రికలలో మాదియు నొకటి యుండియే యుండును. లోకమునకు వెలుగిచ్చుచున్నామని మేము గర్వపడుచుండగా, మా పత్రిక యొకనికి పరుపుగా నక్కరకు వచ్చినది. అంతకంటె గొప్ప ప్రయోజనము దానివలన ఎన్నడైన కలిగెనో లేదో చెప్పజాలము.

పోయిన సంవత్సరము అతడు హైదరాబాదులో నుద్యోగము చూచుకొని వెడలిపోయెను. మనము సభచేసి శాలువ కప్పి, జ్ఞాపిక యిచ్చి, అతని త్యాగమును వేనోళ్ల కొనియాడితిమి. ఆ సన్మానమునకైన వ్యయము అతనికి రెండుమాసముల అద్దెకు సరిపోయెడిదని లెక్కలు వ్రాయు పెద్దలొకరు పిమ్మట మా చెవిలో చెప్పిరి. మేమును ఆనాడు వేదికమీద నుంటిమి, మేమును మాటలాడితిమి. ఎవరిని నిందింతుము? ఇప్పుడతని స్థానమున నొక యువతి పనిచేయుచున్నది. బంధువుల యింట తలదాచుకొన్నది. ఆ బంధువులు వచ్చు వేసవిలో ఊరు మారుచున్నారు. మేడమీది గదుల ప్రశ్న యిపుడు రేగుట కదియే కారణము.

ఇంతకును సేవచేయువానికి ఇల్లెందులకు, త్యాగము చేయుదునని వచ్చినవాడు కష్టపడవలదా, యని యొక పెద్దమనిషి అడిగిరి. ఈ ప్రశ్న క్రొత్తది గాదు. దీనికి సమాధానము చెప్పినవారు మనకన్న చాల గొప్పవారు. పూనాలో 1884లో దక్కను విద్యాసంఘము నేర్పరచినవారు, జీవితసభ్యులు 20 సంవత్సరములు పనిచేయవలెనని నియమించిరి. దానితోపాటు నెలకు 75 రూపాయల జీతమును నిర్ణయించిరి. తక్కువ జీతమే. కాని నిశ్చితమైన జీతము. ఆ సంఘములో యౌవనమంతయు గడిపిన గోపాలకృష్ణ గోఖలే 1905 జూన్ 12వ తేదీన భారత సేవక సమాజమును స్థాపించినపుడు సభ్యులచే ప్రతిజ్ఞలు చేయించెను. తనకొరకు ధనార్జన చేయననియు, తనకును తన కుటుంబమునకును సమాజము చేయగల యేర్పాటుతో తృప్తిపడుదుననియు సభ్యుడు మాట యీయవలెను. ఈ ప్రతిజ్ఞను మనవారు త్యాగమునకు నిదర్శనముగా చెప్పుకొందురు. నిజమే. కాని దానిలో రెండవ పక్షము గూడ నున్నది గదా! సభ్యుడు తృప్తిపడవలెనన్నచో సమాజము ఏదో యొక యేర్పాటు చేసి తీరవలెను. కుటుంబమునకును అని యా ప్రతిజ్ఞలో నున్న మాటను చూడుడు. సేవకునికి భార్యాబిడ్డ లుందురనియు, వారు చెట్టుక్రింద నుండజాలరనియు గోఖలే యెరుగును. పూనాలో సమాజమునకు సొంతస్థల ముండెను. సభ్యుల వసతియు అందులో నుండెను. 1907లో ఉపాధ్యాయవృత్తి విడిచి యా సమాజమున చేరిన శ్రీనివాసశాస్త్రిగారు 1915లో గోఖలే మరణించినపిదప దానికి అధ్యక్షులైరి. ఆయనవంటి మధ్యతరగతి బ్రాహ్మణగృహస్థుడు, పిత్రార్జితము లేనివాడు, జీవితమంతయు దేశమున కీయగలుగుట కేవలము మనోధైర్యమువలననే జరిగెనందుమా? వెనుక నొక సంస్థ నిలిచియున్నది.

1921లో లాలా లజపతిరాయి లాహోరులో ప్రజాసేవక సంఘము నేర్పరచినపుడు అనుసరించినది గూడ నీ మార్గమునే. పేదయింట పుట్టిన లాల్‌బహదూరు శాస్త్రి ఆ సంఘపు జీవితసభ్యుడు. ఆయన 1964లో భారతదేశమునకు ప్రధానమంత్రి యైననాటికిని సొంతయిల్లు లేనివాడనియే ప్రసిద్ధి. ఇల్లు లేనివాడు దేశమునకు ప్రధానియగుట మనకు గర్వకారణమే. కాని తన యౌవనమున ఆ సంఘము పోషింపకున్నచో ఆయన యే గుమాస్తాగిరిలోనో కాలము గడపియుండునేమో.

ఇక ఆశ్రమముల మాట. ఆశ్రమమనగానే మనకు ప్రార్థనలు, రాట్నములు, నియమములు జ్ఞప్తికి వచ్చును. అది సేవకులు తక్కువ వ్యయముతో కలిసి నివసించు ఇల్లని యెవరును తలపరు. గాంధీగారు 1915 మేనెలలో అహమ్మదాబాదువద్ద కొచ్రబులో నాశ్రమము పెట్టినపుడు అది సొంతస్థలము గాదు. ఒక న్యాయవాది బంగళా. అచట జరిగిన దేమనగా, కొన్ని మాసములకే దూదాభాయి యను అంత్యజుని కుటుంబమును ఆశ్రమమున చేర్చుకొనిరి. వెంటనే బావివద్ద తగవు పుట్టినది. ఆ బావిపై బంగళా యజమానికిని కొంత అధికార ముండెను. నీరు తోడు మనిషి, ఆశ్రమపు చేదనుండి చిందిన నీరు తన్ను మైలపరచునని దూషింపసాగెను. చందాలిచ్చువారు చందాలు మానిరి. వచ్చు నెలకు చేతిలో పైకము లేదని మగన్‌లాల్ గాంధీ చెప్పినపుడు, అటులైనచో అంత్యజుల వాడకే పోయి నివసింతమని గాంధీగారు శాంతముగా పలికిరి. ఇంతలో నొక ధనికుడు మోటారులో వచ్చి, లోనికైనను రాక, 13,000 రూపాయల నోట్లు చేతిలో పెట్టి పోయెను. ఆ దాత అంబాలాల్ సారాభాయి యని పిమ్మట లోకమునకు తెలిసినది. 1917లో ఆశ్రమము సబర్మతి యొడ్డున సొంతస్థలమునకు మారెను.

ఈ కథను మనము సాధారణముగా దైవానుగ్రహమునకు దృష్టాంతముగా చెప్పుకొందుము. మేము దానినుండి వేరొక సంగతి గ్రహించుచున్నాము. పరుల యింట నుండి సేవచేయువాడు ఆ యింటివారి యాచారములకు లోబడియుండవలెను. బావి యెవరిదో నీతియు వారిదే యగును! మన యువకుని కులమడిగిన యింటివారిని గూర్చి యిప్పుడు చెప్పితిమి. అతడు తన కులము చెప్పి గది సంపాదించియుండినను, అతని రాత్రిబడికి వచ్చు పిల్లలు ఆ గది గడప తొక్కగలిగెడివారా? సేవకుడు నివసించు చోటికి సేవ పొందువారు రాలేనిచో అతడు పగలు ఒక లోకమునను రాత్రి వేరొక లోకమునను బ్రతుకవలెను. గాంధీగారు గనుక వాడకు పోదమనగలిగిరి. తక్కినవారికి ఆ యవస్థ రాకుండ చూచుట సంఘము పని.

మన తెలుగునేలను చూడుడు. నెల్లూరువద్ద పెన్న యొడ్డున పల్లెపాడులో పినాకినీ సత్యాగ్రహాశ్రమమునకు పొణకా కనకమ్మగారు భూమి నిచ్చిరి. దక్షిణాఫ్రికాలోని పారసీ రుస్తుంజీ 10,000 రూపాయలు పంపిరి. 1921 ఏప్రిల్ 7వ తేదీన గాంధీగారు వచ్చి తెరచిరి. దూరదేశమందలి యొక పారసీ వర్తకుడును, నెల్లూరుసీమలోని యొక రెడ్డికుటుంబపు స్త్రీయును కలిసి సేవకులకు గూడు కట్టించిరన్నమాట! హైదరాబాదులో 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము మొదట రావిచెట్టు రంగారావుగారి యింటనే పుట్టినది. 1918లో నచ్చటనే రెడ్డి హాస్టలు వెలసి జిల్లాలనుండి వచ్చు విద్యార్థులకు నీడయైనది. గ్రంథములకు ఇల్లిచ్చితిమి, విద్యార్థులకు ఇల్లిచ్చితిమి, యాత్రికులకు ఊరూర సత్రములు కట్టితిమి. తీర్థయాత్రకు పోవువాడు మూడురాత్రులు పరుండుటకు చోటు చూపిన జాతి, మూడేండ్లు మన పిల్లలకు చదువు చెప్పినవానికి చోటు చూపజాలకపోవుట వింతగా లేదా?

పరదేశములందును ఈ ప్రశ్న పుట్టినది. 1884లో లండను తూర్పుభాగమున, పేదలు క్రిక్కిరిసియున్న వైట్‌చాపెలులో, బార్నెట్ దంపతులు టోయిన్‌బీ హాలును నెలకొల్పిరి. ఆక్సుఫర్డు, కేంబ్రిడ్జి విద్యాలయముల యువకులు పేదలమధ్య నివసించుచు సేవచేయవలెనని వారి సంకల్పము. పిమ్మట ఇంగ్లండునకు ప్రధానియైన ఆట్లీ అచట పనిచేసినవాడే. ఆ ప్రయత్నము గొప్పదే. అయినను అచట నివసించువారు తమ వసతిభోజనములకు తామే చెల్లించెడివారు. ఆ సొమ్ము కలవారే సేవకు పోగలిగిరి. పేదవాడు సేవ పొందవచ్చును గాని చేయరాదన్నట్లైనది. ఇందులోని లోపమును మనము గమనింపవలెను. ఇల్లున్నంత చాలదు, సేవకుడు భరింపగల అద్దె కావలెను.

ఆ లండనులోనే మరియొక చోటున్నది. 1931లో గాంధీగారు రౌండుటేబిలు సమావేశమునకు పోయినపుడు పెద్ద హోటళ్లను కాదని, కార్మికులు నివసించు బో ప్రాంతమున మ్యూరియల్ లెస్టరు నడుపు కింగ్స్‌లీ హాలులో సుమారు 12 వారములు బసచేసిరి. ఆయన యున్నది మేడమీది యొక చిన్నగది. సామ్రాజ్యమంతయు చర్చించుకొన్న యా గది, అచట సేవచేయువారు నివసించుటకై కట్టిన చిన్నగదులలో నొకటి. మన మేడమీది గదులు దానికన్న విశాలముగనే యున్నవి.

అమెరికాలో 1964 నాటి చట్టముచే పేదరికముపై పోరునకు పూర్తికాల సేవకులను నియమించు పద్ధతి యేర్పడినది. సేవకుడు తాను సేవించు పేదలవలెనే బ్రతుకవలెనని వారి భత్యమును పేదరికపు గీటుకు ముడిపెట్టిరి. వినుటకు ధర్మముగనే యున్నది. కాని నగరములలో అద్దెలు పెరిగినకొలది ఆ భత్యముతో గది దొరకుట దుర్లభమై, వెనుక కుటుంబపు ఆసరా కలవారికే యా సేవ సులభమగును. టోయిన్‌బీ హాలు కథయే మరల వచ్చినట్లు. అచటనే 1993 నాటి చట్టముతో నేర్పడిన యువజనదళ మొకటి కలదు; అందులోనివారికి వసతి దళమే యిచ్చును. మంచి యేర్పాటే. కాని 2025 ఏప్రిల్‌లో ప్రభుత్వము వ్యయము తగ్గించు నెపమున ఆ దళములోనివారిని గడువు తీరకముందే యిండ్లకు పంపివేసెను. పనియు వసతియు ఒక్కనాడే పోయినవి. ఇల్లును పనియు నొక్కచేతిలోనే యున్నచో నిట్లగును.

మన దేశపు మాట చెప్పకున్న నేరమగును. 2005లో జాతీయ గ్రామీణారోగ్య పథకమున ఆశా కార్యకర్తలను నియమించిరి. సుమారు 1,000 మందికి ఒక స్త్రీ. ఆమె ఆ గ్రామనివాసియే కావలెనని నియమము. 2022లో ప్రపంచ ఆరోగ్యసంస్థ ఆమెకు పురస్కార మిచ్చి గౌరవించినది. గౌరవము సరే. కాగితముపై నామె స్వచ్ఛంద సేవకురాలు. జీతము లేదు, పనినిబట్టి ప్రోత్సాహకము. గ్రామములో సొంత పూరిల్లైన నుండును. పట్టణపు మురికివాడలలో పనిచేయు ఆశ మాటయేమి? ఆ వాడలోనే నివసింపవలెనన్న నియమము పట్టణమునను వర్తించును. ఇంటివారు అద్దె పెంచినను, కట్టడములు కూల్చినను, ఇంటితోపాటు పనియు పోవు ప్రమాదము. మన రాష్ట్రమున 2019 ఆగస్టు 15న మొదలైన వలంటీర్ల వ్యవస్థలో గ్రామములందు 50 ఇండ్లకు ఒకరు, నెలకు 5,000 రూపాయలు. పట్టణములో వేరు కాపురము పెట్టుటకు అది చాలెడిది కాదు. కన్నవారి యింట నుండువారికే సాగెడిది. 2024లో ప్రభుత్వము మారినది, ఆ వ్యవస్థ నిలిచిపోయినది. దాని మంచిచెడ్డలపై మీలో భిన్నాభిప్రాయము లుండును, ఉండనిండు. కాంగ్రెసు మహాసభలలో నీళ్లు మోసినవానికి వచ్చిన వలంటీరను పేరు ఈనాడు సర్కారు భత్యమునకు ముడిపడి, సర్కారుతోనే మారిపోయినదన్నది మాత్రము మనము చూచినదే.

ఇన్నియు చెప్పుట యెందులకన, సేవకునికి ఇల్లిచ్చుటలో నొక ప్రమాదము గూడ నున్నది. ఇల్లిచ్చినవాడు యజమాని యగును. నీవు మా గదిలో నున్నావు గనుక మా యభ్యర్థికి పనిచేయుమని రేపు మనలో నెవరైన ఆ యువతిని ఆజ్ఞాపించినచో? అట్టి గదికన్న వరండాయే మేలు. కావున గది యీయవలె ననుటతో మా పని తీరలేదు. ఎట్లీయవలెనో గూడ చెప్పవలెను.

మొదట, ఉచితముగా నీయరాదు. ఉచితముగా పొందినది ఎప్పటికిని యుపకారమై తలపై నుండును. ఆమె భత్యములో పదవవంతును అద్దెగా తీసికొని రసీదు వ్రాసి యీయుడు. రెండవది, చట్టపు మాట. గది యిచ్చిన పిమ్మట ఖాళీచేయరని కోశాధికారిగారి భయము. అది నిష్కారణము కాదు, ఊరిలో అట్టి వ్యాజ్యము లెన్నో కలవు. కాని కౌలునకును అనుమతికిని భేదము కలదు. 1882 నాటి ఈజుమెంట్ల చట్టము ప్రకారము వ్రాతమూలకముగా అనుమతిని మాత్రమే యిచ్చినచో ఆస్తిపై హక్కు సంక్రమింపదు. అనుమతిని రద్దుచేసినపుడు సామాను తీసికొని వెడలిపోవుటకు తగిన గడువు పొందు హక్కును ఆ చట్టమే యిచ్చుచున్నది. ఆ గడువును మనము ఆరుమాసములని ముందుగనే వ్రాసికొందము. సేవ మానినవాడు మరునాడే వీథిలో పడరాదు. మానినవాడు పదేండ్లు పట్టుకొని కూర్చుండనురాదు. పత్రమును మన న్యాయవాది మిత్రులు సరిచూతురుగాక. మూడవది, గది నిచ్చుటయు తీసికొనుటయు కార్యదర్శి యొక్కరి చేతిలో నుండరాదు. కార్యవర్గములో మూడింట రెండువంతుల యంగీకారముతో జరుగవలెను. కులము, వివాహము, భోజనము అను మూడు ప్రశ్నలను అడుగరాదని పత్రములోనే వ్రాయవలెను. రాత్రిబడి పిల్లలు ఆ మెట్లెక్కి పైకి పోవచ్చునని గూడ వ్రాయవలెను. ఇది కొందరికి చిన్నవిషయముగా తోచవచ్చును. కొచ్రబు బావి తగవు విన్నపిదప తోచరాదు.

అద్దె నష్టము మాట మిగిలినది. వర్తకులు ఇత్తుమన్న అద్దె వచ్చినచో పుస్తకములు కొనవచ్చునని గ్రంథపాలకుల కోరిక. గ్రంథపాలకులపై మాకు గౌరవము. అయినను వారి నొక్కటి యడుగుచున్నాము. ఇప్పుడున్న పుస్తకములను చదువువారెవరు? సాయంకాలము ఆరునుండి తొమ్మిదివరకు బల్లలచుట్టు కూర్చుండునది యెవరు? రాత్రిబడిలో నక్షరములు నేర్చినవారే సగము. ఆ బడి ఆగినచో క్రొత్తపుస్తకములు క్రొత్తగనే యుండును.

ఇండ్లు లేవందురా? ప్రభుత్వము పట్టణములలో కట్టించి జనములేక వదలిన యిండ్లు దేశమున లక్షకుపైగా కలవని 2020లో కేంద్రప్రభుత్వమే లెక్క చెప్పి, వానిని వలసకార్మికులకు తక్కువ అద్దె కీయ పథకము వేసినది. పురపాలకసంఘము వారిని గూడ అడుగుదము. కాని ఆ యర్జీ కదలువరకు మేడమీది గదులు మన చేతిలోనే యున్నవి గదా.

కార్యవర్గము వచ్చు ఆదివారము మరల సమావేశమగుచున్నది. నిన్న మేము మేడయెక్కి చూచితిమి. తూర్పుగదికి గాలి వెలుతురు బాగుగ నున్నవి. పడమటిగదిలో పైకప్పు ఒకచోట కారుచున్నది. మీద కుళాయి లేదు. మరుగుదొడ్డి క్రిందనున్నది, రాత్రివేళ ఒంటరిగానున్న స్త్రీ దిగివచ్చుటకు మెట్లవద్ద దీపము లేదు, తలుపునకు లోపలిగడియ లేదు. మేస్త్రీని పిలిచి అంచనా వేయించితిమి. ఆ కాగితము అధ్యక్షులవారి బల్లపై నున్నది. కుళాయిగొట్టమునకును గడియకును అగు వ్యయమును మా పత్రిక భరించును. పైకప్పునకు చందా వేయదలచినవారు సభ ముగిసినపిదప ఆ కాగితముక్రింద పేరు వ్రాయ ప్రార్థన.